లాటిను వంశవాక్యమును తెనిగించు విధము

ఐరోపాఖండమందలి పూర్వకుటుంబములు పెక్కింటికి ఒక్కొక్క వంశచిహ్నము కలదు. డాలు ఆకారమున ఒక బొమ్మ, దాని క్రిందనో పైననో విప్పిన చుట్టవంటి పట్టీ, ఆ పట్టీమీద రెండు మూడు మాటలు: ఇదియే ఆ చిహ్నముయొక్క రూపము. ఆ మాటలనే ఇంగ్లీషువారు ‘మోటో’ అందురు. ఈ పదము ఇటాలియనునుండి వచ్చినది. ఆ భాషలో దానికి ‘మాట’ అనియే అర్థము. చాల కుటుంబములు తమ మాటను లాటినులో వ్రాయించుకొన్నవి. కొన్ని ఫ్రెంచిలోను, కొన్ని ఇంగ్లీషులోను వ్రాయించుకొన్నవి. ఇంగ్లండులో ఈ మాటను వంశీయులు తమ యిష్టముచొప్పున మార్చుకొనవచ్చును. స్కాట్లండులో అట్లు వీలులేదు. అది చిహ్నముతోపాటు అధికారపత్రమున చేరియుండును.

దీనిని తెలుగులో ఏమనవలెను? ‘బిరుదము’ అనుట సరికాదు. విజయనగరరాజుల ‘మూరురాయరగండ’ యనునది బిరుదము. అది రాజుయొక్క గొప్పను లోకమునకు చాటును. మనము చెప్పుకొనుచున్న మాట ఎక్కువగా ఇంటివారికే బుద్ధి చెప్పును. ‘నినాదము’ అనుటయు తగదు. అది పదిమంది కలిసి చేయు కేక. పాఠశాలలకును విశ్వవిద్యాలయములకును ‘ధ్యేయవాక్యము’ అను పేరు వాడుకలోనున్నది. దానినిబట్టి, కుటుంబమునకు చెందినదానిని ఈ పాఠమున ‘వంశవాక్యము’ అని వ్యవహరించెదము.

మన పాఠశాలలో లాటిను బోధింపబడుట లేదు గదా, ఈ పాఠమేల అని తల్లిదండ్రులు అడుగవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. మొదటిది, లాటిను వ్రాతలు మన పిల్లల కంటబడనివి కావు. చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో 1680వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన సెయింట్ మేరీ దేవాలయపు ఆవరణలో లాటిను చెక్కిన సమాధిశిలలు కలవు. కొన్ని పాఠశాలల గుర్తులమీదను లాటిను మాటలు కానవచ్చును. చూచిన పిల్లవాడు అర్థమడుగును. రెండవ కారణము ఇంతకంటె ముఖ్యమైనది. మూడు మాటల వాక్యమును మరియొక భాషలోనికి తెచ్చునపుడు, పరభాషను ఎంత ఎరుగుదుమో అంతకంటె స్వభాషను ఎంత ఎరుగుదుమో బయటపడును. తెలుగు ఇంట మాటలాడుకొనుటకు చాలును, బడిలో దానిని చదువుటయేల అను సంశయము మనవారిలో పెక్కుమందికి కలదు. ఈ చిన్న పనితో ఆ సంశయమును పరీక్షించి చూతము.

1. మొదట అక్షరములను సరిచూడవలెను

రాతిమీదను, లోహముమీదను చెక్కిన లాటినులో అన్నియు పెద్దక్షరములే. ‘ఉ’కారమునకును ‘వ’కారమునకును ఒకే గుర్తు వాడిరి. స్థలము చాలనిచోట మాటలను కుదించిరి. ఒక్కొక్కచో మాటకును మాటకును నడుమ ఎడము కూడ విడువలేదు. కావున చూచినది చూచినట్లు నిఘంటువున వెదకినచో దొరకదు. ఇది మనకు వింత కాదు. మన ప్రాచీన శాసనములలోను ఎ, ఏ లకును, ఒ, ఓ లకును వేర్వేరు గుర్తులు లేవు. చదువువాడే సందర్భమునుబట్టి హ్రస్వమో దీర్ఘమో నిర్ణయించుకొనవలెను. లాటినును చదువుటకును అదే ఓర్పు కావలెను.

2. పిమ్మట విభక్తులను విడదీయవలెను

వెల్లింగ్టన్ ప్రభువు వంశవాక్యము ‘విర్తూతిస్ ఫోర్తూనా కోమెస్’ అనునది. ఈ వెల్లింగ్టనే ఆర్థర్ వెల్లస్లీ. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొన్నవాడును, 1803లో నేటి మహారాష్ట్రమందలి అస్సయీ యుద్ధమున గెలిచినవాడును ఇతడే. ఈ వాక్యమున మూడు మాటలు కలవు, క్రియ లేదు. ఇంగ్లీషు మాత్రమే ఎరిగిన పిల్లవాడు చివరి మాటను చూచి, ఇంగ్లీషున ‘వచ్చును’ అనుటకు వ్రాయు అక్షరములే యున్నవిగదా యని, ‘అదృష్టము వచ్చును’ అని వ్రాయును. అది పొరపాటు. లాటినున ‘కోమెస్’ అనగా తోడుగా నడచువాడు, అనుచరుడు. ‘ఫోర్తూనా’ ప్రథమావిభక్తి: భాగ్యము. ‘విర్తూతిస్’ షష్ఠీవిభక్తి: ‘విర్తూస్’ అను గుణముయొక్క. లాటినులో మాటలు ఏ వరుసలోనున్నను బాధలేదు. ఏది కర్తయో ఏది సంబంధమో మాట చివరి మార్పే తెలుపును.

ఇచ్చట మన విద్యార్థికి ఒక సౌకర్యము కలదు. విభక్తి యనగా ఏమో వానికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. నేటి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరున పుట్టి, చెన్నపట్టణమున తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణము’ను అనుసరించి, డు-ము-వు-లు మొదలుకొని యొక్క-లో-లోపల వరకు మన పిల్లలు విభక్తులను నేర్చుచునే యున్నారు. లాటినున విభక్తులు ఆరు. మన వ్యాకరణమున సంబోధనతో కలిపి ఎనిమిది. ఇట్టి విభక్తిరూపములు నేటి ఇంగ్లీషున సర్వనామములలో తప్ప దాదాపుగా మాసిపోయినవి.

క్రియ లేకుండుట మరియొక సౌకర్యము. ‘రాముడు మంచివాడు’ అని మనము క్రియ లేకయే చెప్పుదుము. ఇంగ్లీషువాడు అట్లు చెప్పజాలడు. నడుమ ‘ఉన్నాడు’ వంటి మాటనొకదానిని చేర్చుకొనక తప్పదు. కాన వెల్లింగ్టన్ వాక్యమును మనము ‘పౌరుషమునకు భాగ్యము తోడు’ అని మూడే మాటలలో చెప్పగలము. మూలమునకును మూడు మాటలే. ఇంగ్లీషు ద్వారమున వచ్చి తెనిగించువాడు ‘భాగ్యము అనునది పౌరుషముయొక్క సహచరియై యున్నది’ అని సాగదీసి వ్రాయును. అర్థము తప్పలేదు గాని వాక్యమునందలి బిగువు పోయినది.

3. ఒక మాటకు పలు అర్థములున్నచో వంశమును విచారించవలెను

పై వాక్యమున ‘విర్తూస్’ను మేము పౌరుషమంటిమి. దీనినుండి పుట్టిన ఇంగ్లీషు మాటకు నేడు సద్గుణమని అర్థము. ఆ యర్థమును పట్టుకొని ‘సుగుణమునకు భాగ్యము తోడు’ అన్నను వాక్యము నిలుచును. ఏది సరి? ‘విర్తూస్’ అను పదము ‘విర్’ అనుదానినుండి పుట్టినది. ‘విర్’ అనగా పురుషుడు. ఈ వ్యుత్పత్తిని రోమనుల మహావక్త సిసిరోయే చెప్పియున్నాడు. పురుషశబ్దమునుండి పౌరుషము పుట్టినట్లే అక్కడను జరిగినది. ‘విర్’ అనుమాట సంస్కృతమందలి ‘వీర’ శబ్దమునకు సోదరము. మొదట యుద్ధమునందలి ధైర్యమును చెప్పిన మాట, కాలక్రమమున మంచిగుణమంతటికిని వర్తించినది. యుద్ధములవలన పేరొందిన సేనాని వాక్యము గనుక ఇచ్చట పౌరుషమే తగును.

నార్ఫోక్ ప్రభువులైన హొవార్డులది ‘సోలా విర్తూస్ ఇన్విక్తా’ అను వాక్యము. ‘సోలా’ అనగా ఒక్కటియే. ‘ఇన్విక్తా’ అనగా జయింపబడనిది. దీనిని కొందరు ‘అజేయము’ అని తెనిగింతురు. అజేయమనగా జయింపశక్యము కానిది. మూలమున ఉన్నది ‘జయింపబడలేదు’ అనుమాత్రమే. అచ్చతెలుగున ‘ఓడనిది’ అను చక్కని రూపము కలదు. నిన్న ఓడలేదు, నేడు ఓడదు అను రెండు భావములును దానిలో ఇమిడియున్నవి. ‘పౌరుషమొక్కటే ఓడనిది’ అన్నచో చాలును. నిఘంటువున పెద్దమాటను వెదకుటకంటె ఇంటిలోని చిన్నమాటను గుర్తుతెచ్చుకొనుటయే ఇక్కడ మేలైనది.

సంస్కృతమునకును లాటినునకును గల ఈ పోలికను 1786లో కలకత్తానగరమున విలియం జోన్సు చేసిన ఉపన్యాసము లోకమునకు చాటినది. కవియైన బైరను వంశవాక్యము ‘క్రేదే బైరన్’, అనగా ‘బైరనును నమ్ముము’. ఆ ‘క్రేదే’ మన ‘శ్రద్ధ’తో సోదరమగు ధాతువునుండియే వచ్చినది. అయితే ఒక హెచ్చరిక చేయవలెను. తెలుగు ద్రావిడభాష. ఈ సంగతిని 1816లో చెన్నపట్టణమున ఎల్లిసు దొర ఒక తెలుగు వ్యాకరణపు పీఠికకు చేర్చిన వ్రాతలో నిరూపించెను. కాబట్టి ‘వీర’, ‘శ్రద్ధ’ వంటి మాటలు మనకు సంస్కృతమునుండి వచ్చినవి. వాని చుట్టరికము లాటినుతో నిజమైనది. విభక్తులలోను, క్రియలేని వాక్యములలోను కనబడునది చుట్టరికము కాదు, పోలిక మాత్రమే. పోలికవలన పని సులువగును. దానిని చుట్టరికమని పిల్లలకు నేర్పరాదు.

4. క్రియయున్నచో పురుషను, వచనమును చూడవలెను

డెవన్ ప్రభువులైన కోర్ట్‌నీ వంశమువారి వాక్యము తక్కినవానివంటిది కాదు. అది ప్రగల్భము కాదు, ఉపదేశమును కాదు, రెండు ప్రశ్నలు. ‘ఉబీ లాప్సుస్? క్విద్ ఫేకీ?’ తెలుగున: ‘ఎక్కడ జారితిని? ఏమి చేసితిని?’ లాటిను ‘ఫేకీ’ యను ఒక్కమాటలోనే ‘నేను’ అనుట కలదు. తెలుగు ‘చేసితిని’లోను అంతే, ‘నేను’ అని వేరుగా వ్రాయనక్కరలేదు. ఇంగ్లీషున కర్తను వేరుగా చెప్పక గతిలేదు.

స్కాట్లండున ఆర్గైల్ ప్రభువులైన కాంబెల్ వంశమువారిది ‘నే ఓబ్లివిస్కారిస్’ అను వాక్యము. ‘నే’ నిషేధార్థకము. రెండవ మాటయొక్క రూపము కర్మణిప్రయోగమువలె కనబడును. వ్యాకరణపట్టికను మాత్రము చూచి తెనిగించువాడు ‘మరువబడకుము’ అని వ్రాయును. అనగా ‘నిన్ను లోకము మరువకుండునట్లు చూచుకొనుము’ అని కీర్తిని కోరు మాటగా మారును. అది తప్పు. లాటినున కొన్ని ధాతువులకు రూపము కర్మణియైనను అర్థము కర్తరియే. సంస్కృతమున ఆత్మనేపదమున మాత్రమే నడచు ధాతువులుండుట చదివినవారికి ఇది త్వరలో బోధపడును. సరియైన అర్థము ‘మరువకుము’. ఒక్క ప్రత్యయమును తప్పుగా చదివినచో, కర్తవ్యమును చెప్పు వాక్యము కీర్తికాంక్షగా మారుచున్నది.

ఇంతటితో చాలదు. ‘మరువకుము’ అనవలెనా, ‘మరువకుడు’ అనవలెనా? నేటి ఇంగ్లీషున ఏకవచన బహువచనముల భేదము ఇట్టిచోట తెలియదు. లాటినున స్పష్టముగా ఏకవచనము. వంశమంతటినికాక వంశమున పుట్టిన ప్రతియొక్కనిని వేరువేరుగా ఉద్దేశించిన మాటయది. తెలుగున ఈ భేదము ఇంటివాడుకలోనే యున్నది: తల్లి బిడ్డతో ‘మరిచిపోకు’ అనును, పెద్దవారితో ‘మరిచిపోకండి’ అనును. దేనిని మరువరాదో వాక్యమున చెప్పలేదు. అనువాదకుడు తనంతట ‘వంశగౌరవమును మరువకుము’ అని పూరింపరాదు. మూలమున విడిచిన ఖాళీని విడిచియే యుంచవలెను.

5. పేరులో శ్లేషయున్నదేమో వెదకవలెను

వంశవాక్యములలో కొన్ని వంశనామముమీద కట్టిన చమత్కారములు. ఫోర్టెస్క్యూ వంశమువారిది ‘ఫోర్తే స్కూతుమ్ సాలూస్ దుకుమ్’ అనునది. ‘బలమైన డాలు నాయకులకు రక్ష’ అని అర్థము. మొదటి రెండు మాటలు కలిపి చదివిన వారి యింటిపేరు వినబడును. 1066 నాటి హేస్టింగ్సు యుద్ధమున తమ మూలపురుషుడు విలియము ప్రభువునకు డాలు అడ్డుపెట్టెనని ఆ వంశమువారు చెప్పుకొను కథ.

అందరికంటె చమత్కారముగా చెప్పినవారు వెర్నను వంశీయులు. వారి వాక్యము ‘వెర్నోన్ సెంపెర్ విరెత్’. ‘వెర్నను ఎల్లపుడు పచ్చగా నుండును’ అని అర్థము. అదే మొదటి మాటను ‘వేర్ నోన్’ అని విడదీసినచో, ‘వేర్’ అనగా వసంతము, ‘నోన్’ అనగా కాదు. అప్పుడు ‘వసంతము ఎల్లపుడు పచ్చగా నుండదు’ అని అర్థము వచ్చును. ఒకచో గర్వము, ఒకచో వైరాగ్యము; నడుమ భేదము ఒక చిన్న విరుపు మాత్రమే.

తెలుగు చదివినవాడు దీనిని చూడగానే ‘సభంగశ్లేష’ యని గుర్తించును. పదమును ఒక విధముగా విరిచిన ఒక అర్థము, మరియొక విధముగా విరిచిన మరియొక అర్థము వచ్చుటయే సభంగశ్లేష. ‘మారాజు’ అని కలిపి చదివిన మహారాజు; ‘మా రాజు’ అని విడదీసిన మాయొక్క రాజు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన ‘రాఘవపాండవీయము’న ఇట్టి శ్లేషలతో రామాయణకథను, భారతకథను ఒకే పద్యములలో నడిపించెను. అట్టి కావ్యమున్న భాషవారికి వెర్నను వాక్యము ఆశ్చర్యము కలిగింపదు. ఆనందము మాత్రము కలిగించును.

అయినను దానిని తెనిగించునపుడు శ్లేషను నిలుపుట సాధ్యము కాదు. వెర్నను అను పేరు తెలుగుమాట కాదు గదా. అట్టిచోట రెండర్థములను వేర్వేరు వాక్యములుగా వ్రాసి, ‘మూలమున శ్లేష’ అని చెప్పుట మర్యాద. ఒక అర్థమును మాత్రము వ్రాసి ఊరకుండుట సగము అనువాదము. తనకు తోచిన వేరొక చమత్కారమును అతుకుట అనువాదము కాదు.

6. సామెత సిద్ధముగా నున్నపుడు మరింత జాగ్రత్తపడవలెను

ఆన్‌స్లో వంశమువారి వాక్యము ‘ఫెస్తీనా లెంతే’. రోముచక్రవర్తి అగస్టసు ఈ భావముగల గ్రీకుమాటను తరచు చెప్పెడివాడని సుయెటోనియసు వ్రాసెను. వెనీసునగరమున పేరొందిన ముద్రాపకుడు ఆల్డసు మనూషియసు దీనినే తన ఆదర్శముగా గైకొనెను. అతని పుస్తకములమీది లంగరుబొమ్మ దీనికి గుర్తు. ఆన్‌స్లోవారికి ఇందు మరియొక ముచ్చట కలదు: వారి పేరును ఇంగ్లీషున రెండుగా విరిచినచో ‘ముందుకు, మెల్లగా’ అని వినబడును.

ఈ వాక్యమును చూడగానే మనవారికి ‘నిదానమే ప్రధానము’ అను సామెత నోటికి వచ్చును. సొంపుగానే యుండును గాని చాలదు. ‘ఫెస్తీనా’ అనగా త్వరపడుము. ‘లెంతే’ అనగా మెల్లగా. సామెతలో మెల్లదనము నిలిచినది, త్వర పోయినది. ఒకదానికొకటి పొసగనట్లు కనబడు రెండు మాటలను జంటగా నిలుపుటయే వాక్యమునకు ప్రాణము. మన ఆలంకారికులు విరోధాభాసమని చెప్పునది ఇదియే. ‘మెల్లగా త్వరపడుము’ అని ఉన్నదున్నట్లు తెనిగించుటయే మేలు. వినువాడు ఒక్కక్షణము ఆగి ఆలోచించును. మూలమును విన్నవాడును అట్లే ఆగెను.

తల్లిదండ్రులకు మనవి

పై ఆరు మెట్లలో మన పిల్లలకు ఆధారమైనది ఏది? విభక్తి, క్రియలేని వాక్యము, ‘ఓడనిది’ వంటి వ్యతిరేకరూపము, క్రియలోనే కలిసిన కర్త, ఏకవచన బహువచనముల భేదము, సభంగశ్లేష, విరోధాభాసము. ఇవియన్నియు తెలుగుపాఠములో నేర్చునవే. వీనిలో కొన్ని పిల్లలకు ఇంటనే అలవడును. ‘మరిచిపోకు’, ‘మరిచిపోకండి’ అను భేదము తెలియని తెలుగుబిడ్డ లేడు. కాని దానికి పేరు తెలియదు. పేరు తెలియనిది మరియొక భాషను నేర్చునపుడు చేతికి అందదు. ఇంట వచ్చినదానికి పేరుపెట్టి, చదువుటకును వ్రాయుటకును అలవాటు చేయునది బడి.

మనము తరతరములుగా ఇతర భాషాప్రాంతములలో నివసించుచున్నాము. మన పిల్లలు వీథిలో ఒక భాషను, బడిలో రెండు భాషలను, ఇంట తెలుగును వినుచున్నారు. ఇది భారమని కొందరు దిగులుపడుచున్నారు. తెలుగును విడిచినచో తక్కినవి తేలికపడునని వారి తలంపు. ఇంగ్లీషు ఒక్కటే ఎరిగినవాడు వెల్లింగ్టన్ వాక్యమును ఎట్లు తప్పుచదువునో, రెండు వ్యాకరణములు ఎరిగినవానికి అదే వాక్యము ఎట్లు సులువగునో పైన చూచితిమి. తెలుగు చదివినంతమాత్రమున ఉద్యోగము వచ్చునని మేము చెప్పుట లేదు. తెలుగును చక్కగా చదివిన బిడ్డ మరియొక భాషను కొలుచుటకు కొలబద్దనొకదానిని చేతబట్టుకొని పోవునని మాత్రమే చెప్పుచున్నాము. రాష్ట్రభాషను చక్కగా నేర్చుటకును ఆ కొలబద్దయే ఉపకరించును.

అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించవలెనని రాజ్యాంగమందలి 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇది 1956లో చేర్చబడినది. చట్టము తరగతిగదికి దారి చూపగలదు. ఆ గదిలో కూర్చుండుటకు బిడ్డను పంపవలసినవారు మాత్రము తల్లిదండ్రులే. చేరువారు తగ్గినచో తరగతి నిలువదు. ఒకసారి మూతబడిన తరగతిని మరల తెరచుట కష్టము. ప్రవేశపత్రమున భాష పేరు వ్రాయునపుడు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము.

అభ్యాసము

ఒకటి: నెవిల్ వంశమువారి వాక్యము ‘నే వీలే వేలిస్’. ‘నే’ నిషేధము, ‘వీలే’ నీచమైనది, ‘వేలిస్’ నీవు కోరుట. దీనిని తెలుగున రెండు మాటలకు మించకుండ వ్రాయుము. ఇంటిపేరు ఎక్కడ దాగియున్నదో చూపుము.

రెండు: కావెండిషు వంశమువారి వాక్యము ‘కావెందో తూతుస్’. ‘కావెందో’ జాగ్రత్తపడుటచేత, ‘తూతుస్’ క్షేమముగా నుండువాడు. ‘జాగ్రత్తయే క్షేమము’ అని వ్రాసినచో ఏ విభక్తి పోయినదో చెప్పుము. ఉదజనిని కనిపెట్టిన హెన్రీ కావెండిషు ఈ వంశమువాడే. మన అంగళ్లలో అమ్ము కావెండిషు అరటికిని ఈ వంశమునుబట్టియే పేరు వచ్చినది.

మూడు: మీ యింట తాతలో అవ్వలో తరచుగా చెప్పు మాటనొకదానిని అడిగి, వారు పలికినది పలికినట్లు వ్రాయుము. యాసను దిద్దవద్దు. పిమ్మట దానిని గ్రంథభాషలోనికి మార్చుము. ఆ తరువాత మీ రాష్ట్రభాషలోనికి తెచ్చి, ఏమి నిలిచినదో ఏమి జారిపోయినదో రెండు వాక్యములలో తెలుపుము. ఈ మూడవ అభ్యాసమును తల్లిదండ్రులు బిడ్డల ప్రక్కన కూర్చుండి చేయింపవలెను. పుస్తకములలో దొరకని మాటలు పెద్దలయొద్దనే యున్నవి, వారుండగనే వ్రాసికొనవలెను.